బిడ్డ ఊపిరి దారి ఇరుకైతే: ఎదురుచూడాలా, ఆపరేషనా, గొంతుకు ట్యూబా?

ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో కీచుమనే శబ్దంతో ఆసుపత్రికి వచ్చే పసిబిడ్డల్లో ఎక్కువమందికి ఏ ఆపరేషనూ అక్కర్లేదు. కొద్దిమందికి మాత్రం తప్పనిసరిగా కావాలి, అదీ ఆలస్యం చేయకుండా. మీ బిడ్డ ఎటువైపు ఉందో తేల్చుకోవడమే తల్లిదండ్రులుగా మీ మొదటి పని. ఆపరేషన్ పేర్లు, ఖర్చు, ఏ ఊరు వెళ్లాలి అన్నవన్నీ ఆ తర్వాతే.

తిరుపతిలో పిల్లల వార్డులో నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. పీలేరు, పుత్తూరు, పలమనేరు, శ్రీకాళహస్తి వైపు నుంచి బిడ్డను ఎత్తుకొచ్చేవాళ్లు ఎక్కువగా శబ్దం గురించే చెబుతారు. "పిల్లి కూతలు వస్తా ఉండాయి సిస్టర్", "రాత్రంతా గురగురే" అంటారు. పాలు తాగుతూ బిడ్డ మధ్యలో ఎన్నిసార్లు వదిలేస్తోంది, పోయిన నెల నుంచి బరువు పెరిగిందా అన్న సంగతులు అడిగితే తప్ప చెప్పరు. డాక్టర్లు నిర్ణయం తీసుకునేది మాత్రం ఎక్కువగా వాటిని బట్టే. పెద్దగా శబ్దం చేస్తూనే కడుపునిండా తాగి బరువు పెరిగే బిడ్డ గురించి నాకు అంత భయం లేదు. శబ్దం సన్నబడిపోయి, నీరసంగా డొక్కలు ఎగరేస్తున్న బిడ్డను చూస్తేనే భయం. దారి మరీ మూసుకుపోతే గాలి కదలదు, గాలి కదలకపోతే శబ్దమూ రాదు.

ముందు ఇరుకు ఎక్కడుందో తెలియాలి

ముక్కు నుంచి ఛాతీ లోపలి దాకా ఊపిరి దారి ఎక్కడైనా ఇరుకు కావచ్చు. చోటు మారితే చికిత్స పూర్తిగా మారిపోతుంది. శబ్దం ఏ వేళ వస్తోందో గమనిస్తే సగం ఆచూకీ దొరుకుతుంది. పీల్చేటప్పుడు మాత్రమే వస్తే ఇరుకు సాధారణంగా స్వరతంత్రులకు, అంటే గొంతులో మాట పుట్టించే మడతలకు, పైన ఉంటుంది. పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ వస్తే స్వరతంత్రుల దగ్గరో, వాటికి కిందనో అనుకోవాలి. వదిలేటప్పుడే ఎక్కువగా వస్తే ఛాతీ లోపలి శ్వాసనాళం వైపు చూడాలి.

ఓపీలో మీ వంతు వచ్చేసరికి బిడ్డ నిద్రపోయి ఉంటుంది, శబ్దమూ ఉండదు. అందుకే ఇంట్లోనే ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. చొక్కా విప్పి మెడ, ఛాతీ, పొట్ట కనిపించేలా నిద్రలో ఒకటి, పాలు తాగేటప్పుడు ఒకటి, ఏడ్చేటప్పుడు ఒకటి. ఒక్కోటి ఒక నిమిషం ఉంటే చాలు. మీరు పది మాటల్లో చెప్పలేనిది డాక్టరుకు ఆ నిమిషంలో కనిపిస్తుంది.

ఆ తర్వాత స్కోపీ. ఇందులో రెండు రకాలు ఉన్నాయి, రెండూ ఒకటే అనుకోవద్దు. మొదటిది ఓపీలోనే చేస్తారు. బిడ్డను తల్లి ఒళ్లో పట్టుకుని ముక్కులోంచి సన్నటి మెత్తటి కెమెరా గొట్టం పంపిస్తారు. మత్తు అక్కర్లేదు, కొద్ది నిమిషాల పని. స్వరతంత్రుల దాకా బాగా కనిపిస్తుంది. వాటి కింద ఏముందో దీంతో నమ్మకంగా చెప్పలేరు. రెండోది థియేటర్లో మత్తు ఇచ్చి నోటి ద్వారా గట్టి స్కోపుతో చూసేది. శ్వాసనాళం చీలే చోటు దాకా కనిపిస్తుంది, ఇరుకు ఎంతో కొలవచ్చు, కొన్నిసార్లు అక్కడికక్కడే చికిత్స కూడా చేస్తారు.

మత్తు అంటే అందరికీ టెన్షనే. శబ్దం పీల్చేటప్పుడే వస్తూ, బరువు పెరుగుతూ, మొదటి స్కోపీలో కారణం స్పష్టంగా కనిపించిన బిడ్డకు రెండోదానికి తొందర లేదు. శబ్దం రెండు వేళలా వస్తుంటే, లేదా మొదటి స్కోపీలో కనిపించినదానికీ బిడ్డ పడే కష్టానికీ పొంతన లేకపోతే, భయపడి రెండోది వాయిదా వేయకండి. పైన ఒక ఇరుకు, కింద మరొకటి ఉండే బిడ్డలు ఉంటారు. పైది మాత్రమే చూసి ఇంటికి పోతే కిందిది జలుబు చేసిన రోజు బయటపడుతుంది.

ఎందుకంత ఇదిగా చెబుతున్నానంటే, ఆ దారి కొలతలు అలాంటివి. నెలలు నిండి పుట్టిన బిడ్డకు స్వరతంత్రుల కింద దారి అడ్డకొలత మామూలుగా 4.5 నుంచి 5.5 మిల్లీమీటర్లు. 4 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే ఇరుకు అంటారు. 4 మిల్లీమీటర్ల దారిలో చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపు వచ్చిందంటే గాలి పోయే చోటు నాలుగో వంతుకు పడిపోతుంది, ఊపిరి లాగడానికి బిడ్డ పెట్టాల్సిన బలం లెక్క ప్రకారం పదహారు రెట్లు అవుతుంది. పెద్దవాళ్లకు గొంతు బొంగురుతో పోయే జలుబు ఈ బిడ్డను ఐసీయూకు తీసుకుపోగలదు.

లారింగోమలేసియా: ఎదురుచూడటమా, సుప్రాగ్లాటోప్లాస్టీనా?

పసిబిడ్డల్లో ఇలాంటి శబ్దానికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఇదే. స్వరతంత్రుల పైనుండే కండ, మృదులాస్థి (మెత్తటి ఎముక) ఇంకా గట్టిపడక, మెత్తటి స్ట్రాతో చిక్కటి మజ్జిగ లాగితే దాని గోడలు అతుక్కున్నట్టు, ఊపిరి లాగినప్పుడల్లా లోపలికి వాలిపోతాయి. సాధారణంగా పుట్టిన మొదటి రెండు వారాల్లో శబ్దం మొదలవుతుంది. నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బాగా పెరుగుతుంది. ఏడాది, ఏడాదిన్నర, కొందరికి రెండేళ్లు వచ్చేసరికి పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టినా, ఏడ్చినా, పాలు తాగినా ఎక్కువవుతుంది.

మధ్యలో పెరుగుతుందన్న సంగతి ముందే తెలియకపోతే తల్లిదండ్రులు హడలిపోతారు. రెండో నెలలో "తగ్గిపోతుందమ్మా" అని చెప్పి పంపిస్తే, ఐదో నెలలో శబ్దం రెట్టింపై కనిపిస్తుంది. డాక్టరు తప్పు చెప్పాడనుకుని ఆసుపత్రులు మారుస్తూ తిరిగేవాళ్లను చాలామందిని చూశాను. శబ్దం పెరగడం ఈ జబ్బు నడకలో భాగమే. దాంతోపాటు బరువు ఆగిపోయిందా అన్నదే చూడాలి.

ఎదురుచూడటం అంటే ఊరికే కూర్చోవడం అనుకోకండి. బిడ్డను కాస్త నిటారుగా పట్టుకుని పాలివ్వాలి, మధ్యమధ్యలో ఆపి ఊపిరి తీసుకోనివ్వాలి, తేన్పు తీయాలి, తాగిన తర్వాత ఇరవై ముప్పై నిమిషాలు భుజాన ఎత్తుకోవాలి. ఈ బిడ్డల్లో చాలామందికి కడుపులోంచి పాలు వెనక్కి వస్తాయి, ఆ ఆమ్లం తగిలి గొంతు ఇంకా వాస్తుంది. దానికి మందు అవసరమో కాదో డాక్టరు చెప్పాలి, షాపులో అడిగి తెచ్చుకునేది కాదు. బోర్లా పడుకోబెడితే శబ్దం తగ్గుతుంది, నిజమే. అయినా నిద్రలో బోర్లా పడుకున్న పసిబిడ్డలకు ఉన్నట్టుండి ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువ. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప నిద్రకు వెల్లకిలానే పడుకోబెట్టండి. మీ కళ్లముందు మెలకువగా ఉన్నప్పుడు కాసేపు బోర్లా ఉంచడం వేరు.

బరువు వారానికొకసారి ఒకే త్రాసు మీద చూడండి. అంగన్‌వాడీలో చూసినా చాలు. మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. ఆ అంకెలు వరుసగా రాసి ఉన్న కాగితాన్ని డాక్టరు ముందు పెడితే నిర్ణయం తేలికవుతుంది.

ఇక ఆపరేషన్. సుప్రాగ్లాటోప్లాస్టీలో బయట ఎక్కడా కోత ఉండదు. మత్తు ఇచ్చి నోటి ద్వారానే, లోపలికి వాలుతున్న అదనపు కండను కత్తిరిస్తారు, బిగుతుగా ఉన్న మడతలను వదులు చేస్తారు. ఆ రాత్రి ఐసీయూలో గమనిస్తారు, కొద్దిరోజుల్లో ఇంటికి పంపిస్తారు. వేరే జబ్బులేవీ లేని బిడ్డల్లో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మంచి ఫలితం వస్తుంది. నరాల జబ్బు గానీ, పుట్టుకతో మరికొన్ని లోపాలు గానీ ఉన్న బిడ్డల్లో అంత బాగా పనిచేయదు, వాళ్లలో కొందరికి తర్వాత ట్రాకియాస్టమీ, అంటే మెడ ముందు రంధ్రం చేసి ట్యూబు పెట్టడం, అవసరం కావచ్చు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే అడిగి తెలుసుకోవాలి. కొంతమందికి ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు పాలు పొలమారతాయి. ఎక్కువ కండ తీస్తే మచ్చకట్టి దారి బిగుసుకునే ప్రమాదం ఉంది కాబట్టి అనుభవమున్న సర్జన్లు తక్కువే తీస్తారు.

రెండింటిలో ఏది? బరువు ఆగిపోతే, ఊపిరి లాగినప్పుడల్లా గొంతు కింద గుంట, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతుంటే, నిద్రలో ఊపిరి ఆగుతుంటే, పెదాలు నీలమవుతుంటే ఆపరేషన్ వైపే నా మొగ్గు. అలాంటి లక్షణాలు లేకపోతే ఎదురుచూడటమే మంచిది, శబ్దం ఎంత పెద్దదైనా సరే. "రెండేళ్లకు తగ్గిపోతుంది" అన్న మాట ఆలోపు సరిగ్గా పెరుగుతున్న బిడ్డకే చెల్లుతుంది. ఊపిరి లాగడానికే తిన్నదంతా ఖర్చుచేస్తున్న బిడ్డకు రెండేళ్లు చాలా ఎక్కువ.

ట్రాకియోమలేసియా అని ఇంకోటి ఉంది. అందులో మెత్తగా ఉండేది కింది శ్వాసనాళం. శబ్దం వదిలేటప్పుడు వస్తుంది, దగ్గు కంచులా మోగుతుంది. దీన్ని ఆస్తమా అనుకుని నెలల తరబడి నెబులైజర్ పెడుతుంటారు. నాళం గోడ మెత్తబడి వచ్చిన ఇబ్బందికి కండను వదులు చేసే సాల్బుటమాల్ లాంటి మందు పనిచేయకపోగా కొందరిలో ఇంకా ఎక్కువ చేస్తుంది. నెబులైజర్ పెట్టిన ప్రతిసారీ ఏ తేడా కనిపించకపోతే "ఇది ఆస్తమానేనా సార్?" అని అడగడానికి మొహమాటపడకండి. ఇదీ చాలామందిలో రెండేళ్లలోపు మెరుగవుతుంది. ఊపిరి ఆగిపోయేంత తీవ్రమైతే గాలిని ఒత్తిడితో పంపి దారిని తెరిచి ఉంచే సీపాప్ మెషీన్, రక్తనాళాన్ని ముందుకు లాగి కుట్టే ఆపరేషన్ లాంటివి ఉన్నాయి.

స్వరతంత్రుల కింద ఇరుకు: బెలూనా, పక్కటెముక ముక్కతో వెడల్పు చేయడమా, ట్రాకియాస్టమీనా?

సబ్‌గ్లాటిక్ స్టెనోసిస్ అనేది ఇదే. శబ్దం రెండు వేళలా వస్తుంది. ఆరు నెలలు నిండకముందే మళ్లీ మళ్లీ క్రూప్ అని, అంటే కుక్క మొరిగినట్టు దగ్గు, ఆయాసంతో ఆసుపత్రిలో చేరుతున్న బిడ్డకు ఇది ఉందేమో వెతకాలి. ఇరుకును నాలుగు గ్రేడులుగా చెబుతారు. దారి సగం దాకా మూసుకుంటే ఒకటి, 51 నుంచి 70 శాతం రెండు, 71 నుంచి 99 శాతం మూడు, పూర్తిగా మూసుకుంటే నాలుగు. రిపోర్టులో ఈ అంకె లేకపోతే అడిగి రాయించుకోండి. రెండో ఆసుపత్రికి వెళ్లినప్పుడు మొదట చూసేది అదే.

మొదటి గ్రేడు బిడ్డలు చాలావరకు పెరుగుదలతోనే గట్టెక్కుతారు. జలుబు చేసినప్పుడు త్వరగా ఆసుపత్రికి రావడం, స్టెరాయిడ్, అడ్రినలిన్ నెబులైజేషన్‌తో వాపు తగ్గించుకోవడం, అంతే. రెండో గ్రేడు దగ్గర బిడ్డ కష్టాన్ని బట్టి నిర్ణయం.

బెలూన్ పేరు వినగానే అందరూ దాన్నే కోరుకుంటారు. కోత లేదు, నోటి ద్వారానే పని, త్వరగా ఇంటికి. అయితే ఇరుకు ఏ తీరుదో చూడాలి. వెంటిలేటర్ ట్యూబు వల్ల కొత్తగా ఏర్పడిన మెత్తటి మచ్చ బెలూన్‌కు బాగా లొంగుతుంది. పుట్టుకతోనే ఉన్న ఇరుకులో చాలాసార్లు అక్కడుండే క్రికాయిడ్ అనే మృదులాస్థి ఉంగరమే చిన్నదిగానో, వంకరగానో తయారై ఉంటుంది. గట్టి మృదులాస్థిని బెలూన్ ఎంత సాగదీసినా మళ్లీ తన ఆకారానికే వస్తుంది. కాబట్టి "ఇరుకు మచ్చ వల్లా, మృదులాస్థి వల్లా?" అన్న ప్రశ్నకు జవాబు రాకుండా బెలూన్‌కు ఒప్పుకోవద్దు. మళ్లీమళ్లీ బెలూన్ చేస్తూ పోయే మాటైతే ఎన్నోసారికి ఆపి వేరే దారి చూస్తారో ముందే అడగండి.

పక్కటెముక మృదులాస్థి ముక్క తీసి, ఇరుకు చోట ఉంగరాన్ని చీల్చి, మధ్యలో పెట్టి దారిని శాశ్వతంగా వెడల్పు చేసే ఆపరేషన్ ఇంకొకటి. మూడో గ్రేడులో ఎక్కువగా ఆధారపడేది దీని మీదే. ఇందులోనూ రెండు పద్ధతులు. ఒకే దఫాలో పూర్తిచేసేదానిలో ముక్కులోంచి వేసిన ట్యూబు మీద బిడ్డను కొన్ని రోజులు ఐసీయూలో మత్తులో ఉంచి, ఆ తర్వాత ట్యూబు తీస్తారు. గొంతుకు రంధ్రం లేకుండా ఇంటికి వస్తారు, కానీ ఆ రోజులు ఐసీయూ నర్సింగ్ ఎంత బాగుందన్న దాని మీదే అంతా నడుస్తుంది. రెండు దఫాల పద్ధతిలో ట్రాకియాస్టమీ ఉంచి వెడల్పు చేసి, నయమయ్యాక ట్యూబు తీస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, తొందరపాటు ప్రమాదం తక్కువ. ట్రాకియాస్టమీతో క్షేమంగా ఉన్న బిడ్డ విషయంలో చాలామంది సర్జన్లు పది కిలోల బరువు వచ్చేదాకా ఆగుతారు. బిడ్డకు ఊపిరితిత్తుల జబ్బు కూడా ఉంటే నేను రెండు దఫాలదే మేలంటాను.

ఇప్పుడు ట్రాకియాస్టమీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ కన్నీళ్లు దీని దగ్గరే. మెడ ముందు చిన్న రంధ్రం చేసి ఇరుకుకు కింద శ్వాసనాళంలోకి ట్యూబు పెడతారు. ఆ క్షణం నుంచి బిడ్డ హాయిగా ఊపిరి తీసుకుంటుంది. వారాల తరబడి నిద్రలేని బిడ్డ ఆ రాత్రి గాఢంగా నిద్రపోవడం, తర్వాతి నెలలో బుగ్గలు రావడం కళ్లారా చూశాను. "బిడ్డ గొంతు కోయించినారు" అని బంధువులు అనే మాటలు తల్లిని ఎంత కుంగదీస్తాయో కూడా చూశాను. దారి పెరిగేదాకా, పెద్ద ఆపరేషన్‌కు బలం వచ్చేదాకా ప్రాణం నిలిపే ఏర్పాటు ఇది. చాలామందికి తర్వాత తీసేస్తారు.

అయితే దీని బరువు ఇంటి మీద పడుతుంది, ఆ మాట దాచకూడదు. ట్యూబు కఫంతో మూసుకుపోతే బిడ్డకు వేరే దారి ఉండదు. పగలూ రాత్రీ పక్కన ఒకరు ఉండాలి. ఇంట్లో కనీసం ఇద్దరు సక్షన్ (మెషీన్‌తో కఫం లాగేయడం), ట్యూబు మార్చడం, ట్యూబు ఊడిపోతే చేయాల్సినవి నేర్చుకుని చేత్తో చేసి చూపించేదాకా డిశ్చార్జి ఒప్పుకోవద్దు. అమ్మ ఒక్కతే నేర్చుకుంటే చాలదు, ఆమెకు జ్వరం వస్తే ఎవరు చూస్తారు? నాన్నో, అమ్మమ్మో, పిన్నో మరొకరు తప్పనిసరి. బిడ్డ ఎక్కడికి పోయినా సంచిలో అదే సైజు ట్యూబు ఒకటి, దానికంటే ఒక సైజు చిన్నది ఒకటి, కత్తెర, కట్టే టేపు ఉండాలి. పల్లెల్లో కరెంటు పోతుంది కాబట్టి బ్యాటరీతోనో, కాలితో తొక్కితేనో పనిచేసే సక్షన్ కొనండి. ట్యూబు ఉన్నంతకాలం ఏడుపు వినిపించకపోవచ్చు, మాటలు ఆలస్యం కావచ్చు. స్పీచ్ థెరపిస్టును మొదటి నుంచే కలవండి. స్నానంలో మెడ మీద నీళ్లు పడకూడదు, పౌడర్ వాడకూడదు.

మూడో, నాలుగో గ్రేడు ఇరుకుతో చిన్న బరువున్న బిడ్డకు, ఇంటి దగ్గర్లో పెద్ద ఆపరేషన్ వసతి లేనప్పుడు ట్రాకియాస్టమీకి ఒప్పుకోవడమే నా సలహా. ఇంట్లో చూసుకునే రెండో మనిషి ఎవరూ లేకపోతే, ఆ సంగతి డాక్టరుకు సూటిగా చెప్పండి. నిర్ణయంలో అదీ లెక్కలోకి రావాలి.

అరుదైనవి కొన్ని

ముక్కు వెనుక రెండు దారులూ మూసుకుని పుట్టిన బిడ్డ పాలు తాగేటప్పుడు నీలమై ఏడవగానే ఎర్రబడుతుంది. ఇది పుట్టిన రోజునే అత్యవసరం. నోటిలో గాలి పోయే గొట్టం పెట్టి, ముక్కు ద్వారా ఎండోస్కోపీతో తెరుస్తారు. ఒక వైపే మూసుకుంటే తొందర లేదు.

పుట్టినప్పుడు బాగుండి, కొన్ని వారాల తర్వాత శబ్దం మొదలై, ఒంటి మీద ఎర్రటి రక్తనాళాల మచ్చ కూడా ఉంటే గొంతులోనూ అలాంటి గడ్డ ఉండొచ్చు. దీనికి ఒకప్పుడు ట్రాకియాస్టమీ తప్ప వేరే గతి ఉండేది కాదనేంత పరిస్థితి. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు ప్రొప్రనొలాల్ అనే గుండె మందుతో ఇలాంటి గడ్డలు కరుగుతాయని గుర్తించాక కథ మారిపోయింది. ఇక్కడ ఆపరేషన్ కంటే మందే ముందు. ఆసుపత్రిలో చక్కెర, గుండె వేగం చూస్తూ మొదలుపెడతారు.

గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం శ్వాసనాళాన్ని చుట్టుకుని నొక్కితే స్కోపీతోపాటు ఎకో (గుండె స్కాన్), సీటీ యాంజియో (రక్తనాళాల స్కాన్) కావాలి. ఆపరేషన్ చేసేది గుండె సర్జన్. శ్వాసనాళం ఉంగరాలు వెనుకవైపు కూడా మూసుకుని గుండ్రంగా తయారైతే స్లైడ్ ట్రాకియోప్లాస్టీ చేస్తారు. ఇరుకు నాళాన్ని మధ్యలో కోసి, ఒక ముక్కను ముందు, రెండోదాన్ని వెనుక చీల్చి, ఒకదాని మీదికి ఒకటి జరిపి కుడతారు. పొడవు తగ్గి వెడల్పు రెట్టింపవుతుంది. 1989లో లండన్ నుంచి తొలిసారి ప్రచురితమైన ఈ పద్ధతి పాతవాటిని చాలావరకు పక్కకు నెట్టింది. గుండె-ఊపిరితిత్తుల మెషీన్ మీద చేసే పెద్ద ఆపరేషన్ ఇది. తక్కువ ఇరుకుతో బాగా పెరుగుతున్న బిడ్డను ఆపరేషన్ లేకుండా గమనిస్తూ కూడా ఉంచుతారు.

తిరుపతిలోనా, వేలూరుకా, చెన్నైకా?

అత్యవసరమైతే ఈ ప్రశ్నే లేదు. దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి 108లో వెళ్లాలి. రెండు నెలల లోపు బిడ్డ నిమిషానికి 60 సార్లు, ఆపై ఏడాది లోపు బిడ్డ 50 సార్లు లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తుంటే, పెదాలు నీలమైతే, పాలు అసలు తాగలేకపోతే, మగతగా పడి ఉంటే అత్యవసరమే. అలాంటి బిడ్డను సొంత కారులో నేరుగా చెన్నైకి తీసుకుపోవద్దు. తిరుపతి వైపు వాళ్లు రుయా ప్రభుత్వ ఆసుపత్రికి, చిత్తూరు వైపు వాళ్లు జిల్లా ఆసుపత్రికి వెళ్లి ఊపిరి కుదుటపడ్డాక, ఆక్సిజన్ ఉన్న అంబులెన్సులో ముందుకు కదలాలి.

తొందర లేనప్పుడు పరీక్షలు మొదలుపెట్టడానికి తిరుపతే చాలు. రుయాలో పిల్లల విభాగం, 1993లో మొదలైన స్విమ్స్ ఆసుపత్రి, 2021లో టీటీడీ తెరిచిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఒకే ఊళ్లో ఉన్నాయి. రక్తనాళం నొక్కుతోందన్న అనుమానం ఉంటే పిల్లల గుండె డాక్టరు చూపు ఇక్కడే దొరుకుతుంది. ఎదురుచూసే చికిత్సకు, జలుబు చేసినప్పుడు చేర్చడానికి ఇంటికి దగ్గర్లోని డాక్టరే మేలు.

ఆపరేషన్ దాకా వచ్చాక ఊరి దూరాన్ని పట్టించుకోవద్దు. చిత్తూరు నుంచి వేలూరు సీఎంసీ ఆసుపత్రి సుమారు 40 కిలోమీటర్లు. తిరుపతి నుంచి వేలూరు సుమారు 110, చెన్నై 140 దాకా. చెన్నై ఎగ్మూరులో ప్రభుత్వ పిల్లల ఆసుపత్రి కూడా ఉంది. ఏ ఆసుపత్రిలోనైనా ఈ ప్రశ్నలు అడగండి: ఏడాది లోపు బిడ్డలకు ఈ ఆపరేషన్ మీరు తరచూ చేస్తారా? పిల్లలకే మత్తు ఇచ్చే డాక్టరు ఉన్నారా? పిల్లల ఐసీయూ ఇదే బిల్డింగులో ఉందా, లేక ఇంకోచోటికి పంపిస్తారా? పసిబిడ్డ సైజు స్కోపులు, ట్యూబులు మీ దగ్గరే ఉన్నాయా? రాత్రి రెండు గంటలకు ట్యూబు ఊడితే ఎవరు వస్తారు? జవాబు సూటిగా వచ్చే చోటే ఆపరేషన్ చేయించండి. సుప్రాగ్లాటోప్లాస్టీ, బెలూన్ లాంటివాటికి అనుభవమున్న ఈఎన్‌టీ సర్జన్, మంచి ఐసీయూ ఉంటే దగ్గర ఊరైనా పర్వాలేదు. పక్కటెముక ముక్కతో చేసేది, స్లైడ్ ట్రాకియోప్లాస్టీ మాత్రం ఇవి తరచూ చేసే చోటే.

డబ్బు విషయం. ఎన్టీఆర్ వైద్య సేవ, మనలో చాలామంది ఇంకా ఆరోగ్యశ్రీ అనే పిలిచేది, ఏ ఆపరేషన్‌కు ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో చేరకముందే ఆ ఆసుపత్రిలోని పథకం కౌంటర్లో కనుక్కోండి. పక్క రాష్ట్రానికి పోయేటప్పుడు ఇది మరీ ముఖ్యం. వర్తించకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. బిల్లులు, డిశ్చార్జి కాగితాలు ఒరిజినల్స్ జాగ్రత్త చేయండి.

ఏ దారి ఎంచుకున్నా ఇంట్లో మానాల్సినవి

పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు, అందుకే గట్టిగా చెప్పాలి. వస రంగరించి నాకించడం, ఆముదం తాగించడం, ముక్కులో నూనె చుక్కలు వేయడం వద్దే వద్దు. ఊపిరి ఇరుకున్న బిడ్డ మింగడంలోనూ తడబడుతుంది, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. పొట్ట మీద వాతలు పెట్టించడం బిడ్డను హింసించడమే, ఊపిరి దారికీ దానికీ సంబంధమే లేదు. స్నానం తర్వాత సాంబ్రాణి పొగ, గదిలో అగరొత్తులు, దోమల కాయిల్, ఇంట్లో బీడీ, సిగరెట్ అన్నీ ఆపాలి. అవ్వకు చెప్పడం కోడలికి కష్టమైతే, డాక్టరు దగ్గరికి అవ్వను కూడా తీసుకెళ్లండి. ఆయన నోట వింటే ఒప్పుకుంటారు.

పుట్టెంట్రుకలకు కొండకు ఎప్పుడు పోవచ్చని చాలామంది అడుగుతారు. చలికాలం, రద్దీ ఎక్కువున్న రోజులు దాటాక, బిడ్డ బరువు కుదురుకున్నాక వెళ్లండి. క్యూలో ఒక దగ్గు చాలు ఈ బిడ్డకు జలుబు పట్టడానికి. మొక్కు కాస్త ఆలస్యమైతే స్వామి ఏమీ అనుకోడు. టీకాలు మాత్రం ఏదీ వాయిదా వేయకండి, ఆరు నెలలు నిండాక ఫ్లూ టీకా గురించి కూడా అడగండి.

ఇంకొక్కటి. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో జబ్బు పేరు, గ్రేడు, చివరి స్కోపీ తేదీ, బిడ్డకు సరిపోయిన ట్యూబు సైజు, చూస్తున్న డాక్టరు ఫోన్ నంబరు రాయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బిడ్డ సంచిలో ఉంచండి. దాని ఫోటో ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి. వేరే ఏ జబ్బుకైనా, హెర్నియా ఆపరేషన్‌కైనా మత్తు ఇవ్వాల్సి వస్తే మొదట ఆ కాగితమే చూపించండి. వయసును బట్టి వేసే మామూలు సైజు ట్యూబు ఈ బిడ్డ గొంతులో పట్టదు. ఆ సంగతి తెలియని డ్యూటీ డాక్టరు బలవంతంగా వేస్తే ఉన్న ఇరుకు ఇంకా పెరుగుతుంది.